ఎగరవద్దన్న చోట

"కళ్లు మూసుకోండి. నేను చెప్పకముందు ఎవరైనా తెరిచారో, చెవి మెలేసి చేతికిస్తాను."

డ్రిల్లమ్మ వసారా ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ అంది. గచ్చు మీద ఆడపిల్లలు వరసగా వెల్లకిలా పడుకుని ఉన్నారు. తలల కింద పుస్తకాల సంచులు, పక్కన విప్పిన బూట్లు. ఊరికే ఉండలేని కాలివేళ్లు కొన్ని మేజోళ్లలో కదులుతున్నాయి. పక్క గదిలో లెక్కల మాస్టారు బోర్డు మీద సుద్దముక్కను గీస్తున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించడం లేదు.

"ఇప్పుడు పరుగు మొదలుపెట్టండి. నిదానంగా. వంపు తిరగండి. ఒళ్లు లోపలివైపు వాలాలి, మలుపులో సైకిలు వాలుతుందే, అట్లా. కాలికింద ఏముంది?"

"మట్టి," అన్నాయి కొన్ని గొంతులు.

"గచ్చు టీచర్. చల్లగా ఉంది," అంది వరస చివరున్న బొద్దమ్మాయి.

"నీ మొహం. గచ్చు మీద ఎగిరితే నడుం విరుగుతుంది. మట్టి అనుకో."

బొద్దమ్మాయి మట్టి అనుకుంది. కాసేపటికి గురక కూడా పెట్టింది. డ్రిల్లమ్మ బూటు కొనతో ఆ పిల్ల అరికాలు తట్టి ముందుకు వెళ్లిపోయింది. ఆ పిల్ల నిద్రలో పోటీలకు వెళ్లి కప్పు కూడా తెచ్చేసుకుని ఉంటుందని అందరికీ తెలుసు.

హైజంప్ పడుకుని నేర్చుకునే పిల్లలు ఎక్కడైనా ఉంటారా అంటే, ఆ బళ్లో ఉన్నారు. దానికో కారణం ఉంది. అంతకు ముందు ఏడాది దాకా బడి వెనక మైదానంలో రెండు స్తంభాలు, అడ్డంగా ఒక కర్ర, అవతల ఒక పెద్ద పరుపు ఉండేవి. పరుపు అంచు కుట్టు విడిపోయింది. కొత్తది కావాలని డ్రిల్లమ్మ అడిగింది. "చూద్దాం" అన్నారు. ఆఫీసులో "చూద్దాం" అంటే లేదని అర్థమని ఆవిడకు తెలియక కాదు, అయినా మళ్లీ మళ్లీ అడిగింది. చివరికి విసుగెత్తి దబ్బనం, పురికొస తెచ్చుకుని తానే కుట్టేసింది. బాగానే కుట్టాననుకుంది. ఆ మరుసటి వారం, అందరికంటే ఎత్తు ఎగిరే పిల్ల, మిడత అని ముద్దుగా పిలుచుకునే పిల్ల, గాల్లోంచి వచ్చి సరిగ్గా ఆ కుట్టు మీదే పడింది. కుట్టు విచ్చుకుంది, చెయ్యి సందులోకి దిగబడి మణికట్టు విరిగింది. మొత్తం బడి బెంచీల మీద కూచుని చూస్తుండగా జరిగింది. ఆ రోజే హెడ్మిస్ట్రెస్ గారు పరుపును ఆటసామాన్ల కొట్లో వేయించి, ఇకమీదట ఈ బళ్లో ఎవరూ ఎగరకూడదని చెప్పేశారు.

తప్పు తనదేనని డ్రిల్లమ్మ అందరి ముందూ ఒప్పుకుంది. కాని ఎగరకూడదన్న మాట మాత్రం ఆవిడకు మింగుడుపడలేదు. నాలుగు రోజులు ఊరికే ఉంది. ఐదో రోజు పిల్లల్ని వసారాలో పడుకోబెట్టింది.

అలికిడి విని హెడ్మిస్ట్రెస్ గారు వచ్చి చూసి తెల్లబోయారు.

"ఏమిటిది? ఎగరవద్దని చెప్పానా లేదా?"

"ఎగరడం లేదండి. పడుకున్నారు."

"పడుకుని ఏం చేస్తున్నారు?"

"ఎగురుతున్నారండి."

హెడ్మిస్ట్రెస్ గారు చెడ్డమనిషేం కాదు. నవ్వు ఆపుకోవడానికి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పడుకున్న పిల్లలకు ఎముకలు విరగవు కదా అని ఊరుకున్నారు.

ఈ కళ్లు మూసుకునే విద్య డ్రిల్లమ్మ సొంతం కాదు. పూర్వం ఎప్పుడో డ్రిల్లు టీచర్ల శిక్షణ శిబిరంలో ఒక లెక్చరర్ మధ్యాహ్నం భోజనాలయ్యాక దీని గురించి చెప్పాడు. ఆటను మనసులో ఆడితే ఒళ్లు కూడా ఎంతో కొంత నేర్చుకుంటుందనీ, చూడటం ఒక్కటే చాలదు, చప్పుడు వినాలి, చెమట వాసన రావాలి, కండ బిగుసుకోవాలి, ఆ తరవాత లేచి కళ్లు తెరిచి ఆడాలి అనీ చెప్పాడు. కళ్లు మూసుకోమన్నాడు. అందరూ మూసుకున్నారు, హాయిగా నిద్రపోయారు. డ్రిల్లమ్మ ఒక్కతే నిజంగా మూసుకుని నిజంగా ఎగిరింది. అదే ఆవిడ మొదటిసారి ఎగరడం.

ఎందుకంటే చిన్నప్పుడు ఆవిడ కర్ర ఎత్తిపెట్టే పిల్ల. తాటిచెట్టులా ఎదిగినా ఒక మోకాలు పుట్టుకతోనే లోపలికి వంకర. మిగతా పిల్లలు ఎగిరి కర్ర పడేస్తే పరుగెత్తుకెళ్లి ఎత్తి మళ్లీ స్తంభాల మీద పెట్టేది. పెట్టి పక్కకు తప్పుకునేది. అలా పెట్టిపెట్టి, ఏ పిల్ల ఎందుకు పడేసిందో, మోకాలు తగిలిందో మడమ తగిలిందో చూసి చూసి, చివరికి డ్రిల్లు టీచరైంది. పెళ్లి మాట ఒకటి రెండుసార్లు వచ్చిపోయింది. ఇప్పుడు కుట్టుమిషను పెట్టుకున్న అక్కతో ఒకే ఇంట్లో ఉంటుంది. ఉద్యోగం ఏటేటా పొడిగించేది, ఒక్కసారీ ఖాయం కానిది. ఆవిడ అసలు పేరు అక్కకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. అక్క కూడా కోపం వస్తేనే ఆ పేరు పెట్టి పిలుస్తుంది. ఆవిడ బతుకు గురించి చెప్పుకోవాల్సింది ఇంతే.

అయితే వసారాలో బొద్దమ్మాయి గురక పెట్టిన ఆ రోజే ఊళ్లోని బళ్లన్నిటికీ ఆటల పోటీలు. మిడత చెయ్యి అతుక్కుని చాలా కాలమైంది. డాక్టరు ఎగరవచ్చన్నాడు. పోటీకి పేరు కూడా ఇచ్చేసింది డ్రిల్లమ్మ, హెడ్మిస్ట్రెస్ గారిని అడక్కుండానే. అడిగితే చూద్దామంటారని భయం.

వరస మధ్యలో పడుకున్న మిడత పక్కన డ్రిల్లమ్మ చతికిలబడింది. మిడత నిజంగా మిడతలాగే ఉంటుంది. పొడుగు కాళ్లు, కింద పడితే ఎక్కడ విరుగుతాయో అన్నంత సన్నగా. మునుపు ఆ పేరు పిలిస్తే ఎగిరి గంతేసేది. ఇప్పుడు పిలిస్తే తల దించుకుంటోంది.

"ఏమైందే? ఎగిరావా?"

"పడిపోయింది టీచర్."

"మళ్లీనా?"

"ప్రతిసారీ అంతే. కళ్లు మూసుకుంటే చాలు, కర్ర పడిపోతోంది."

నెలల తరబడి ఇదే గోల. పడలేదనుకో, పడలేదనుకో అని చెప్పి చెప్పి ఆవిడ నోరు నొప్పెట్టింది కానీ ఫలితం లేదు.

"సరే, కర్ర సంగతి వదిలెయ్. నువ్వు ఎక్కడున్నావో చెప్పు. ఎక్కడ నిలబడి చూస్తున్నావ్?"

"బెంచీ మీద కూచున్నా టీచర్."

"బెంచీ మీదా?"

"ఆ రోజు అందరూ కూచున్నారు కదా, అక్కడ. అక్కడ్నించి చూస్తున్నా. నేను పరిగెత్తుకుంటూ వస్తాను, ఎగురుతాను, పడతాను. అందరూ అయ్యయ్యో అంటారు."

డ్రిల్లమ్మకు ఒళ్లు మండింది. పిల్ల మీద కాదు, ఇన్నాళ్లూ ఈ ఒక్క ప్రశ్న అడగని తన మీద. పడుతున్న పిల్లను చూసిన కళ్లన్నీ ఈ పిల్ల బుర్రలో కాపురం పెట్టేశాయి. సొంత కళ్లు మాత్రం లేవు.

"వాళ్ల కళ్లు వాళ్లకిచ్చెయ్యవే, అరువు తెచ్చుకున్నవి నీకెందుకు? బెంచీ దిగు. నీ ఒంట్లోకి రా. వచ్చావా? ఇప్పుడు నువ్వు నీకు కనిపించకూడదు. నీ ముందున్నదే కనపడాలి. ఏం కనిపిస్తోంది?"

మిడత కనురెప్పల కింద గుడ్లు అటూ ఇటూ తిరిగాయి. మెడ దగ్గర నరం కొట్టుకుంది.

"స్తంభాలు. దగ్గరికొస్తున్నాయి. కర్ర... కర్ర మీద పెచ్చులూడిన రంగు. కాలు పెట్టాను."

"ఎగురు."

"ఎగిరాను." ఊపిరి బిగబట్టింది. "చీకటి టీచర్. ఇంక ఏమీ లేదు. మునుపు తెలిసేది, ఇప్పుడు గుర్తుకు రావట్లేదు. పైన ఏముంటుంది టీచర్? మీరు చెప్పండి."

"మెత్తగా... మబ్బు మీద పడుకున్నట్టు ఉంటుంది." ఏళ్ల తరబడి పిల్లలందరికీ చెప్పిన మాటే.

మిడత కళ్లు తెరిచింది. "మీరు చూశారా?"

చూశానని అనేస్తే పోయేది. డ్రిల్లమ్మ లేచి మోకాలు సవరించుకుంది. "గంట కొడుతున్నారు. బూట్లేసుకో. పోదాం పద," అంది.

గేటు దగ్గర హెడ్మిస్ట్రెస్ గారు నిలబడి ఉన్నారు. ఎవరో చేరవేశారు. బళ్లలో వార్తకు కాళ్లేం ఖర్మ, రెక్కలుంటాయి.

"ఆ పిల్లని ఎక్కడికి తీసుకెళ్తున్నారో నాకు తెలుసు. వద్దు. చెయ్యి విరిగినప్పుడు ఆస్పత్రిలో దాని పక్కన కూచున్నది నేను. అది ఏడ్చిన ఏడుపు నా చెవుల్లోనే ఉంది. మళ్లీ అలాంటిదయితే నేను తట్టుకోలేను."

"నేనూ అక్కడే ఉన్నానండి."

"అందుకే చెప్తున్నా. మీకు బుద్ధి రాలేదు. ఈ గేటు దాటితే రేపు రావక్కర్లేదు. నేను ఊరికే అనడం లేదు."

ఊరికే అనడం లేదని డ్రిల్లమ్మకు తెలుసు. గేటు ఇనప చువ్వ మీద చెయ్యి వేసి నిలబడింది. అక్క గుర్తొచ్చింది, ఇంట్లో కుట్టుమిషను గుర్తొచ్చింది, ఈ వయసులో ఇంకో బళ్లో ఎవరు తీసుకుంటారన్నదీ గుర్తొచ్చింది. కానీ వెనక్కి చూస్తే మిడత తల దించుకుని, బూటు మొనతో మట్టి గీకుతూ ఉంది. ఆ తల ఇలాగే దించుకుని పెరుగుతుంది, ఇలాగే పెద్దదవుతుంది అనిపించింది. ఆ ఆలోచన భరించలేకపోయింది.

"వాళ్లమ్మని అడిగి వెళ్తానండి. ఆవిడ వద్దంటే వెనక్కొచ్చేస్తా. ఆవిడ సరేనంటే మాత్రం మీరు నన్ను తీసెయ్యండి," అంది డ్రిల్లమ్మ. గేటు తీసుకుని బయటికి నడిచింది.

మిడత తల్లి వీధి మొగలో బండి మీద బట్టలు ఇస్త్రీ చేస్తుంది. ఇద్దర్నీ చూసి ఇస్త్రీపెట్టె నిలబెట్టి, చొక్కా కాలర్ మీద నీళ్లు చల్లుతూ విషయమంతా విన్నది. డ్రిల్లమ్మ ఏదీ దాచలేదు, ఉద్యోగం పోతుందన్నది తప్ప.

"దీని చెయ్యి విరిగితే అతుక్కుంది టీచరమ్మా," అంది తల్లి చొక్కా మడత పెడుతూ. "ఇది రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తోంది చూడండి, అది అతుక్కోవట్లేదు. తీసుకెళ్లండి. పడితే పడనీండి. ఏమే, పడితే ఏడుస్తావా?"

"ఏడుస్తా," అంది మిడత.

"ఏడువు. ఏడ్చి ఇంటికి రా."

స్టేడియం చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. గ్యాలరీ నిండా పిల్లలు, వాళ్ల బళ్ల జెండాలు, గోల. తాళ్లు కట్టి టీచర్లను అవతలే ఆపేశారు. కొత్త పరుపు నీలం రంగుది, ఎత్తుగా, అంచులు బిగుతుగా ఉంది. డ్రిల్లమ్మ తాడు మీదుగా వంగి చెయ్యి చాచి దాని కుట్లన్నీ తడిమి చూసింది. కాపలా అతను "పక్కకి రండమ్మా" అనేదాకా వదల్లేదు.

మొదటి ఎత్తుకు మిడత వంతు వచ్చింది. పొడుగాటి కాళ్లతో చక్కగా పరుగెత్తింది. వంపు తిరిగింది, ఒళ్లు వాలింది. డ్రిల్లమ్మ గుండె ఉప్పొంగింది. అంతలోనే ఆ పిల్ల కళ్లు గట్టిగా మూసుకుంది. మూసుకునే పరుగెత్తుకెళ్లి కర్రను రొమ్ముతో గుద్దుకుని, కర్రతో సహా పరుపు మీద బోర్లా పడింది.

గ్యాలరీ అంతా ఒక్కసారి గొల్లుమంది.

డ్రిల్లమ్మ నెత్తి కొట్టుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్ని నెలలు ఎగరడమంటే కళ్లు మూసుకోవడమే కదా. మూసుకోమని చెవులు మెలేసింది, మళ్లీ తెరవాలని చెప్పడమే మరిచిపోయింది. చివరికి లేచి కళ్లు తెరిచి ఆడాలని ఆ లెక్చరర్ చెప్పనే చెప్పాడు. ఆ మాట ఆవిడకు ఇప్పుడు చెంపమీద కొట్టినట్టు గుర్తొచ్చింది.

"కళ్లు తెరువే! తెరిచే ఎగురు!" అని అరిచింది.

రెండోసారి మిడత కళ్లు తెరిచింది, మరీ ఇంత చేసి. కానీ కాలు నేల విడిచే క్షణంలో ఆ కళ్లు గ్యాలరీ వైపు తిరిగాయి. మోచెయ్యి తగిలి కర్ర పడింది. ఇంకొక్క అవకాశం ఉంది. అది కూడా పోతే ఇంటికే. ఇంటికెళ్లినా ఫరవాలేదు, కానీ ఈ పిల్ల ఆ బెంచీ మీద కూచునే వెళ్తుంది. ఇక ఎప్పటికీ దిగదు.

మిడత పరుగు మొదలుపెట్టే చోట నిలబడి డ్రిల్లమ్మ కోసం వెతికింది. పెదవులు వణుకుతున్నాయి. మబ్బులూ మెత్తదనమూ ఏవీ చెప్పడానికి డ్రిల్లమ్మకు నోరు రాలేదు. జన్మలో ఒక్కసారి కూడా కర్ర దాటని మనిషి. మోకాలి నొప్పి మరిచిపోయి మునివేళ్ల మీద లేచింది.

"ఒసేయ్ మిడతా! పైన ఏముందో నాకు తెలీదే! నేనెప్పుడూ చూళ్లేదు! నువ్వెళ్లి చూసొచ్చి చెప్పు!"

పక్కనున్న టీచర్లు ఆవిడను వింతగా చూశారు. చూడనీ అనుకుంది.

మిడత ముఖంలో ఏదో మారింది. ఏడుపు ఆగింది. ఒక పని చెప్పి పంపిన పిల్లలా తల ఊపింది. పరుగెత్తింది. వంపు దగ్గర వాలింది, కాలు కొట్టి లేచింది, వీపు తిరిగింది. కళ్లు తెరిచే ఉన్నాయి. అవి ఎటూ చూడకుండా నేరుగా పైకే చూస్తున్నాయి. మడమలు చివర్న ఎగజిమ్మి అవతల పడింది.

కర్ర ఉన్నచోటే ఉంది.

మిడతకు అది తెలియలేదు. నీలం పరుపు మీద చేతులు చాపి వెల్లకిలా అలాగే పడుకుని, "పడిందా?" అని అడిగింది.

"లేదే! లేదే తల్లీ!" డ్రిల్లమ్మ తాడు మీదుగా వంగి అరిచింది. "పైన ఏముందే?"

"ఏం లేదు టీచర్. ఉత్త ఆకాశం. కాకి ఒకటి పోతోంది."

తరవాతి ఎత్తు మిడత దాటలేదు. మూడుసార్లూ పడేసింది, మూడోసారి పడేసి తానే ఫక్కున నవ్వింది. బహుమతి వేరే బడి పిల్లలకు వెళ్లింది. పోటీలో ఏ స్థానం వచ్చిందని డ్రిల్లమ్మ అడగను కూడా అడగలేదు. తిరుగు బస్సులో మిడత కిటికీ పక్కన కూచుని దారి పొడుగునా వాగింది. పరుపు వాసన గురించి, తన ముందు ఎగిరిన అమ్మాయి జడ గురించి, కాకి గురించి. డ్రిల్లమ్మ కళ్లు మూసుకుని వింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆవిడ లోపల ఎగిరే ఎగురులో మబ్బు లేదు. ఉత్త ఆకాశం ఉంది, అందులో కాకి ఒకటి పోతోంది.

సాయంత్రం బడి వదిలే వేళకు హెడ్మిస్ట్రెస్ గారి గదిలోకి వెళ్లి కొట్టు తాళంచెవి బల్ల మీద పెట్టింది.

హెడ్మిస్ట్రెస్ గారు దాన్ని చూశారు, డ్రిల్లమ్మను చూశారు. "గెలిచిందా?"

"లేదండి. ఎగిరింది."

"దెబ్బలేం తగల్లేదు కదా?"

"తగల్లేదండి."

"హమ్మయ్య." ఆవిడ నిజంగానే ఊపిరి పీల్చుకున్నారు. తరవాత తాళంచెవి సొరుగులో వేసుకున్నారు. "నేను అన్నమాట అన్నదే. మీరు సారీ చెప్తారేమో అనుకున్నాను."

"కుట్టు వేసినందుకు చెప్పానండి. తీసుకెళ్లినందుకు చెప్పను. రేపు మళ్లీ పోటీ ఉంటే రేపూ తీసుకెళ్తాను."

అంతే. ఇద్దరూ నమస్కారం పెట్టుకున్నారు. మర్యాదకు లోటు రాలేదు.

వసారాలో పిల్లలు ఇళ్లకు పోకుండా ఆవిడ చుట్టూ మూగారు. ఎంత ఎత్తు టీచర్, ఎంత ఎత్తు ఎగిరింది అని ఒకటే గొడవ. మిడత ఇంత అంటుంది, బొద్దమ్మాయి అబద్ధం అంటుంది. చేతులతో చూపిస్తే ఒక్కో చెయ్యి ఒక్కో ఎత్తు. డ్రిల్లమ్మ అటూ ఇటూ చూసి, కిటికీకి వేలాడుతున్న బట్టలు ఆరేసే తాడు ఒకటి విప్పి తెచ్చింది. వసారా స్తంభాలు రెండింటి దగ్గరా నిలబడి తన గడ్డం కిందకు సరిగ్గా చూసుకుని, ఈ స్తంభానికీ ఆ స్తంభానికీ బిగించి కట్టింది.

"ఇంత," అంది.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి దాని కింద నిలబడి చూశారు. చాలామందికి నెత్తి దాకా వచ్చింది. బొద్దమ్మాయి మిడత వైపు తిరిగి, నోరెళ్లబెట్టి, కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

డ్రిల్లమ్మ తన సంచీ భుజాన వేసుకుంది. రేపు రానని పిల్లలకు చెప్పలేదు. "బూట్లు సరిగ్గా కట్టుకుని పోండి, దార్లో పడతారు," అని మాత్రం అని, కుంటుకుంటూ గేటు దాటి అక్క దగ్గరికి వెళ్లిపోయింది. అక్క అన్నీ విని, పేరు పెట్టి పిలిచి, తిట్టాల్సినవన్నీ తిట్టి, చివర్లో "ఇంతకీ ఆ పిల్ల ఎగిరిందా?" అని అడిగిందట.

మర్నాడు ఉదయం హెడ్మిస్ట్రెస్ గారు ఆ తాడు చూసి, కోసెయ్యమని అటెండరుకు చెప్పారు. అతను ఆఫీసులోకి వెళ్లి వచ్చి, కత్తెర కనిపించలేదన్నాడు. కత్తెర బల్ల మీదే ఉంది, కిటికీలోంచి ఆవిడకూ కనిపిస్తూనే ఉంది. డ్రిల్లు పీరియడు వచ్చింది, టీచరెవరూ రాలేదు. పిల్లలు వసారాలోకి వచ్చి, ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పి వరసగా పడుకున్నారు. గదిలోంచి బయటికి వచ్చిన హెడ్మిస్ట్రెస్ గారు వాళ్లను లేపబోయి, ఆగి, వాళ్ల ముఖాల మీదుగా పైకి చూశారు.

రెండు స్తంభాల మధ్య, డ్రిల్లమ్మ గడ్డం ఎత్తులో, బట్టలు ఆరేసే తాడు ఒకటి ఏ బట్టా లేకుండా బిగుతుగా ఉంది.